ముల్లు మౌనం, చక్రం గోల

పెట్రోలు మండితే పుట్టే వేడిలో కొంత భాగాన్ని కదలికగా మార్చుకోవడం ఇంజిన్ పని. ఆ కదలికను మళ్లీ వేడిగా మార్చి గాలికి వదిలెయ్యడం బ్రేకు పని. ఒకే కారులో ఉంటూ ఈ రెండూ ఎదురెదురు కొలువులు చేస్తుంటాయి గానీ, రెండింటి తలనొప్పీ ఒక్కటే: మిగిలిన వేడిని ఎక్కడ పారబోయాలి? కారు ఎంత చురుకైనదైతే ఈ తలనొప్పి అంత ముదురుతుంది. స్పోర్ట్స్ కార్ల యజమానులు షెడ్డుకు తెచ్చే ఫిర్యాదుల్లో ‘ఇంజిన్ హీటెక్కుతోంది’, ‘బ్రేకులు అరుస్తున్నాయి’ అనేవి పక్కపక్కనే వినబడటంలో వింతేమీ లేదు.

పుట్టుక ఒకటే అయినా స్వభావాలు వేరు. వేడెక్కే ఇంజిన్ నోరు విప్పదు. డాష్‌బోర్డులో ఒక ముల్లు కాస్త పక్కకు జరుగుతుంది, అంతే. పాటలు వింటూ నడిపేవాడు దాన్ని చూడనైనా చూడడు. చూసేసరికి సిలిండర్ హెడ్డు వంగిపోయి ఉండొచ్చు. బ్రేకు అలా కాదు. మనం వీధి మలుపు తిరుగుతుండగానే ఇంట్లోవాళ్లకు కబురు అందుతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు గనక, అరిచే బ్రేకుకే ముందు వైద్యం దొరుకుతుంది. తీరా చూస్తే బ్రేకుల కీచు శబ్దాల్లో చాలావాటివల్ల చెవికి బాధే తప్ప ప్రాణానికి ముప్పు లేదు. కాగా నోరెత్తని ఇంజిన్ వేడిని పట్టించుకోకపోతే బిల్లు ఇంజిన్ ఖరీదు దాకా పోతుంది. గోలకూ ప్రమాదానికీ లెక్క కుదరని ఈ వ్యవహారాన్ని రెండు కార్లను పక్కపక్కన పెట్టి చూస్తేనే బాగా అర్థమవుతుందని నా నమ్మకం.

ఒకటి మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరం. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చింది. అమెరికాలో దాన్ని మియాటా అంటారు. నాకూ ఆ పేరే ఇష్టం. రెండోది పోర్షే బాక్స్‌టర్ మొదటి తరం, కంపెనీ లోపలి లెక్కలో 986. 1993లో డెట్రాయిట్‌లో నమూనాగా కనబడి, 1996లో అమ్మకానికి వచ్చింది. రెండూ ఇద్దరే కూర్చునేవి, రెండూ పైకప్పు మడిచేవి, రెండూ తమకన్నా పాతకార్ల మీది ప్రేమతో పుట్టినవి. మియాటా చేసినవాళ్ల మనసులో లోటస్ ఎలాన్ వంటి బ్రిటిష్ రోడ్‌స్టర్లు ఉన్నాయి. అలాగే బాక్స్‌టర్ గీసినవాళ్ల మనసులో పోర్షే సొంత 550 స్పైడర్ ఉంది. మియాటాను మాజ్దా మన దేశంలో ఎన్నడూ అమ్మలేదు, పాత బాక్స్‌టర్ మన రోడ్ల మీద కనబడటం అరుదు. అయినా డాలస్‌లోనో శాన్ హోసేలోనో ఉద్యోగం కుదిరి, శనివారాల సరదాకు ఓ పాత రోడ్‌స్టర్ కోసం వెతికే తెలుగు కుర్రవాడికి మొదట ఎదురయ్యేవి ఈ రెండే.

మియాటా బానెట్ ఎత్తితే తెలుగు పాఠకుడికి కొత్తగా తోచేదేమీ ఉండదు. ముందు రేడియేటర్, దాని వెనక ఫ్యాను, ఆ వెనక నిలువుగా నాలుగు సిలిండర్లు. పైన ఒక హోసు, కింద ఒక హోసు, నొక్కి తిప్పే మూత. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన బానెట్ ఎత్తిపెట్టుకుని నిలబడ్డ అంబాసిడర్‌లో చూసిన బొమ్మే ఇది, కాకపోతే ఇంకాస్త పొందిగ్గా ఉంటుంది. మొత్తం ఆరు లీటర్ల కూలెంటు.

బాక్స్‌టర్ బానెట్ ఎత్తితే సూట్‌కేసు పట్టే గుంత. సరేనని వెనక డిక్కీ ఎత్తితే అక్కడా సూట్‌కేసు గుంతే, దాని అంచున రెండు మూతలు: ఒకటి ఇంజిన్ ఆయిలుకు, ఒకటి కూలెంటుకు. మరి ఇంజిన్? సీట్ల వెనక, వెనక చక్రాలకు కాస్త ముందు, ఆరు సిలిండర్లు అటు మూడూ ఇటు మూడూ చొప్పున పడుకుని ఉంటాయి. పైకప్పును సగం లేపి నిలబెట్టి, తివాచీ తీసి, రేకు మూత విప్పితే దాని నెత్తి కనబడుతుంది. తక్కినదంతా కారును లిఫ్టు ఎక్కించి కింద నుంచి చూడవలసిందే. పైగా రేడియేటర్లు ఇంజిన్ పక్కన లేవు. ముందు బంపర్ చెరో మూలా ఒక్కొక్కటి దాగున్నాయి. ఆ చివరకూ ఈ చివరకూ మధ్య కారు అడుగున పైపులు పరుగెడతాయి. అందుకే మియాటాకు పోసే కూలెంటుకు రెండింతలకు మించి దీనికి పడుతుంది.

ఇంత తేడా ఉన్నా, వేడి ఫిర్యాదుతో వచ్చిన ఏ కారునైనా మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఎప్పుడు? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముల్లు ఎక్కి, రోడ్డెక్కి పరుగు తీస్తే దిగుతుంటే అనుమానం ఫ్యాను మీద. ఆగి ఉన్న కారుకు గాలి తెచ్చిపెట్టేది అదొక్కటే కదా. దీనికి తిరగేసి, సిగ్నల్ దగ్గర బాగానే ఉండి హైవే మీద ఎక్కుతుంటే ఫ్యానుకు పాపం ఏ సంబంధమూ లేదు; రేడియేటర్ లోపలో బయటో పూడుకుంది, లేదా వాటర్ పంపు సరిగా తోడటం లేదు, లేదా గాలి పోవలసిన దారిన పోవడం లేదు. తెల్లవారి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే రేడియేటర్ మూతి దగ్గర బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. దానికో పరీక్ష ఉంది: కూలెంటు మీది ఆవిరిని నీలిరంగు ద్రవంలోంచి పీల్పిస్తారు, సిలిండర్‌లో మండిన వాయువు అందులో కలిసి ఉంటే ఆ నీలం పసుపుకు తిరుగుతుంది. పదివేల రూపాయల ఊహాగానం కంటే ఆ చిన్న సీసా మేలు.

మియాటాలో ఫ్యానును పరీక్షించడం ముచ్చటగా ఉంటుంది. బానెట్ కింద ‘డయాగ్నోసిస్’ అని రాసిన చిన్న నల్లపెట్టె మూత తెరిచి, అందులో టీఎఫ్ఏ, జీఎన్‌డీ అనే రెండు గూళ్లను ఒక తీగముక్కతో కలిపి, కీ ఆన్ చెయ్యాలి. ఫ్యాను గిర్రున తిరిగితే మోటారూ రిలే బాగున్నట్టే. తప్పు సెన్సారులోనో థర్మోస్టాట్‌లోనో వెతుక్కోవచ్చు. స్కానర్ అక్కర్లేదు, ల్యాప్‌టాప్ అక్కర్లేదు. బాక్స్‌టర్‌లో అంత ముచ్చట లేదు గానీ మరో ఉపాయం ఉంది. ఏసీ వేస్తే ముందున్న రెండు ఫ్యాన్లూ నెమ్మదిగా తిరగాలి. వాటికి రెండు వేగాలు. తక్కువ వేగానికి కరెంటును తగ్గించి పంపే రెసిస్టర్ ఒకటి బంపర్ వెనక దుమ్మూ తేమా తింటూ కూర్చుంటుంది. అది కాలిపోతే తక్కువ వేగం మాయమవుతుంది, ఎక్కువ వేగం మాత్రం మిగులుతుంది. అప్పుడు ఇంజిన్ బాగా కాగాక గాని ఫ్యాను మేలుకోదు. యజమాని ఏమో ‘ఫ్యాను తిరుగుతూనే ఉందండీ, నేను విన్నాను’ అంటాడు. అతను విన్నది నిజమే, తిరిగింది ఆలస్యంగా.

రెండు కార్లకూ గాలి దారే అసలు బలహీనత, అయితే ఆ బలహీనత చెరో రూపంలో ఉంది. మియాటా అడుగున నల్లటి ప్లాస్టిక్ పలక ఒకటుంటుంది. ఆయిలు మార్చినవాడు తీసి, బోల్టులు దొరక్కో బద్ధకించో మళ్లీ బిగించడు. చూడ్డానికి బురద రేకులా కనబడే ఆ పలకే ముందు నుంచి వచ్చిన గాలిని కిందికి జారిపోనివ్వకుండా రేడియేటర్‌లోంచి తోస్తుంది. అది లేని మియాటా ఊళ్లో చల్లగా తిరిగి హైవే మీద వేడెక్కుతుంది. యజమాని కొత్త రేడియేటర్ కొంటాడు, అయినా తగ్గదు. కాగా బాక్స్‌టర్‌కు గాలిని లాక్కునే నోళ్లు బంపర్ రెండు మూలల్లో నేలకు దగ్గరగా ఉంటాయి. రోడ్డు మీది ఎండుటాకులూ సిగరెట్ పీకలూ పాలిథీన్ ముక్కలూ వాటిలోకి చేరి, ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ నడుమ సందులో మందపాటి కంబళిలా అతుక్కుపోతాయి. బయట నుంచి టార్చి వేసి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనబడుతుంది. బంపర్ విప్పి, కండెన్సర్‌ను కాస్త ముందుకు జరిపితే గాని ఆ మురికి మేట బయటపడదు. ప్రెషర్ గన్‌తో కడిగితే రేడియేటర్ రెక్కలు మడతపడి పని చెడుతుంది. వేళ్లతో తీసి, వ్యాక్యూమ్‌తో పీల్చి, మిగిలినదాన్ని మెల్లటి ధారతో వెనక నుంచి ముందుకు కడగాలి.

ముసలితనం చూపించడంలో మియాటాదే నిజాయితీ. దాని రేడియేటర్ పై ట్యాంకు ప్లాస్టిక్‌ది. కొత్తలో నల్లగా ఉంటుంది. ఏళ్ల తరబడి వేడి తాగితాగి క్రమంగా మట్టిరంగుకు, కొన్నాళ్లకు పసుపు కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు వచ్చిందంటే పగులు దగ్గర్లో ఉన్నట్టే, ప్రెషర్ టెస్టర్ అక్కర్లేదు. బాక్స్‌టర్‌లోనూ ప్లాస్టిక్ కూలెంట్ ట్యాంకు అలాగే పగులుతుంది, అయితే ఎవరికీ కనబడని వెనక మూలలో. డిక్కీ తివాచీ తడిగా తగిలి, తియ్యటి వాసన వచ్చేదాకా తెలియదు. వాటర్ పంపుల సంగతీ ఇంతే. మియాటా పంపు బయటి బెల్టుతోనే తిరిగినా, దాన్ని విప్పాలంటే టైమింగ్ బెల్టు తియ్యాలి గనక ఆ బెల్టు మార్చినప్పుడల్లా పంపూ మార్చెయ్యడం ఆనవాయితీ అయింది; జబ్బు రాకముందే చికిత్స. బాక్స్‌టర్ పంపుకూ బయటి బెల్టే, లోపల ప్లాస్టిక్ రెక్కలు. ఆ రెక్కలు విరిగితే ముక్కలు ఇంజిన్ నీటి దారుల్లోకి పోతాయి. అలాంటప్పుడు లోహపు రెక్కల పంపు వేస్తే పోలేదా అంటారు కొందరు. బేరింగు వదులైన రోజున ఆ లోహపు రెక్కలు ఇంజిన్ గోడనే చెక్కేస్తాయి, ప్లాస్టిక్ అయితే తనే విరుగుతుంది, కనక ప్లాస్టిక్కే వేసి గడువుకు ముందే మార్చుకోండి అంటారు మరికొందరు. నేను రెండోవాళ్ల పక్షం.

మియాటాకు పుట్టుకతో వచ్చిన ఒక లోపం గురించి చెప్పకపోతే బాక్స్‌టర్‌కు అన్యాయం చేసినట్టవుతుంది. ఈ ఇంజిన్ అసలు మాజ్దా 323 కుటుంబానిది. అక్కడ దాన్ని అడ్డంగా అమర్చారు. మియాటాలో నిలువుగా తిప్పేసరికి వెనక గోడకు చోటు చాలక, వెనక ఉండవలసిన నీటి ద్వారాన్ని బిరడాతో మూసి, ముందువైపే బయటికి తీశారు. నీళ్లు ముందు నుంచి వచ్చి చాలావరకు ముందు నుంచే పోతాయి, వెనకనున్న నాలుగో సిలిండర్‌కు చల్లదనం కాస్త తక్కువ అందుతుంది. రోజువారీ నడకలో ఇది లెక్కలోకి రాదు. టర్బో బిగించి ట్రాక్ మీద తోలేవాళ్లు మాత్రం థర్మోస్టాట్‌ను వెనక్కి మార్చి నీటి దారినే తిప్పుతారు. అంటే సాదాసీదాగా కనబడేదానిలోనూ రాజీలున్నాయి, కాకపోతే అవి బయటికి కనబడే రాజీలు.

ఇక ముల్లు సంగతి. చాలా కార్లలో ఉష్ణోగ్రత ముల్లును, చోదకుడు కంగారు పడకూడదని, కొన్ని పదుల డిగ్రీల దాకా నడిమధ్యనే నిలబడేలా కంపెనీవాళ్లే మచ్చిక చేస్తారు. మియాటాలో 1995 నుంచి ఆయిల్ ప్రెషర్ ముల్లు కూడా ఇదే బాపతు: ప్రెషర్ ఎంతో చెప్పదు, ఉందో లేదో చెబుతుంది. బాక్స్‌టర్‌లో కూలెంటు తగ్గితే ముల్లు పక్కనే దీపం మిణుకుమంటుంది. మొదటి తరం మియాటాకు ఆ ఏర్పాటు లేదు. ఏ కారులోనైనా ఒక మోసం మాత్రం గుర్తుంచుకోవాలి. కూలెంటు మరీ కిందికి పోతే సెన్సారు మొన నీటిలో కాక ఆవిరిలో ఉంటుంది. అప్పుడు ముల్లు దిగుతుంది. ‘హమ్మయ్య, తగ్గింది’ అనుకుని మరో పది కిలోమీటర్లు తోలినవాడి ఇంజిన్‌ను ఇక కాటాకు వేసుకోవడమే. ముల్లు ఎక్కి తనంతట తనే దిగిందంటే, హీటర్ వేసి చూడాలి. వేడిగాలి రావలసిన చోట చల్లగాలి వస్తే నీళ్లు లేవన్నమాట, వెంటనే ఆపాలి. బాక్స్‌టర్‌కైతే స్కానర్ పెట్టి అసలు డిగ్రీలు చదువుకోవచ్చు. మొదట్లో వచ్చిన మియాటాలకు ఆ సదుపాయం లేదు, చెయ్యీ ముక్కూ హీటరే స్కానర్లు.

బ్రేకుల దగ్గరికొచ్చేసరికి ఈ రెండు కార్ల పాత్రలు తారుమారవుతాయి. అందుకే నాకు ఈ జంట నచ్చింది. ముందు పరిమాణం చూద్దాం. మనిషితో సహా మియాటాను 100 కి.మీ. వేగం నుంచి నిలబెట్టినప్పుడు పుట్టే వేడి లీటరుకు పైగా నీళ్లను గది వేడిమి నుంచి మరుగు దాకా తేగలదు. కొంచెం బరువెక్కువైన బాక్స్‌టర్‌కైతే లీటరున్నర. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఇదంతా కొన్ని సెకన్లలో, అరచేతి పాటి ప్యాడ్ల మధ్య జరుగుతుంది. ప్యాడు డిస్కును పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, సెకనుకు వేలసార్లు. ఆ వణుకు డిస్కు పాడే పిచ్‌తో కలిసినప్పుడు మనకు వినబడేదే కీచు. పట్టు తగ్గిందని దీని అర్థం కాదు. బాగా పట్టే ప్యాడ్లే తరచు ఎక్కువ అరుస్తాయి. ట్రాక్ కోసం చేసిన గట్టి ప్యాడ్లు వేసుకుని, చల్లగా ఉన్నప్పుడు గోల చేస్తున్నాయని ఫిర్యాదు చెయ్యడం ఉపయోగం లేని పని.

మియాటా ప్యాడుకు చిన్న ఉక్కు నాలుక ఉంటుంది. ప్యాడు బాగా అరిగి పల్చబడగానే ఆ నాలుక డిస్కును గీస్తూ కీచుమంటుంది. అంటే ఈ కీచు జబ్బు కాదు, కావాలని పెట్టిన హెచ్చరిక. బాక్స్‌టర్ ప్యాడులో నాలుకకు బదులు తీగ ఉంటుంది. ప్యాడు అరిగి తీగ డిస్కును తాకగానే డాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది. కనక బాక్స్‌టర్‌లో కీచు వినబడితే, దీపం వెలగనంతవరకు, అది అరుగుదల సంగతి కాకపోవచ్చు. నీటి విషయంలో నోరు విప్పని మియాటా ఇక్కడ గొంతెత్తుతుంది, అక్కడా ఇక్కడా బాక్స్‌టర్ దీపాన్నే నమ్ముకుంది. సరే, దీపం తీగ తెగిపోయి ఉండదా, ఎవడో ముడేసి వదిలేసి ఉండడా అని అడిగేవాళ్లకు నా దగ్గర ఒకటే జవాబు: చక్రం సందులోంచి ప్యాడు మందం కంటితో చూడండి, దీపాన్నీ నాలుకనూ రెండింటినీ నమ్మొద్దు.

క్యాలిపర్లలో ఉన్న తేడా మరీ ఆసక్తికరం. మియాటాది ఒకే పిస్టన్ ఉండి, పిన్నుల మీద అటూ ఇటూ జరిగే రకం. మన ఊళ్లో మారుతీలూ హ్యుందాయ్‌లూ తిరిగేది వీటితోనే. పిన్నుల గ్రీజు ఎండితే క్యాలిపర్ జరగడం మానేస్తుంది, ఒక ప్యాడు మిగిలి రెండోది ఏటవాలుగా అరుగుతుంది, ఆ ఏటవాలే అరుపుకు కారణం. వెనక క్యాలిపర్‌లోనే హ్యాండ్‌బ్రేకు కీలు కూడా ఇరికించారు. అది తిరిగి వెనక్కి పోకుండా బిగుసుకోవడం మియాటాల్లో అతి సాధారణం. కొత్త ప్యాడ్లు వెయ్యబోయి, వెనక పిస్టన్‌ను సీ-క్లాంపుతో నొక్కి లోపలికి తొయ్యాలని చూసేవాళ్లున్నారు. అది వెళ్లదు. క్యాలిపర్ వెనకనున్న బోల్టు తీసి, లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పెట్టి తిప్పితే సాఫీగా వెనక్కి వస్తుంది. బలం చూపించినవాడు క్యాలిపర్ కొంటాడు.

బాక్స్‌టర్ నాలుగు చక్రాలకూ నాలుగేసి పిస్టన్ల క్యాలిపర్లు, ఒకే దిమ్మలో తొలిచినవి. రేసు కార్ల సంప్రదాయం అది. వాటికి జరిగే పిన్నులు లేవు, ఎండే గ్రీజూ లేదు. అలాగని ఇబ్బంది లేకుండానూ లేదు. ప్యాడు జారే చోట అల్యూమినియం మీద పల్చటి ఉక్కు పలకలు బిగించి ఉంటాయి. మంచుదేశాల్లో రోడ్డు మీద చల్లే ఉప్పు ఆ పలకల కిందికి చేరి, తెల్లటి తుప్పు పొంగి, ప్యాడును ఇరికిస్తుంది. ప్యాడు వెనక పిస్టన్‌లోకి దూరే స్ప్రింగు బిళ్లలు మరొక విశేషం. వణుకును మింగడమే వాటి ఉద్యోగం. ప్యాడ్లు మార్చిన మెకానిక్ పాతవి బాగానే ఉన్నాయని వాటినే మళ్లీ దూర్చినా, అసలు పెట్టకపోయినా, కొత్త ప్యాడ్లతో కారు పాతవాటికన్నా గట్టిగా అరుస్తుంది. ‘వేయించిన మర్నాటి నుంచీ ఇదే గోల’ అనే బాక్స్‌టర్ యజమాని మాటను అందుకే తేలిగ్గా తీసుకోకూడదు. హ్యాండ్‌బ్రేకు మాత్రం వీళ్లు వేరే పెట్టారు, వెనక డిస్కు మధ్య గిన్నెలో చిన్న డ్రమ్ము. మెల్లగా రివర్స్ చేసేటప్పుడు వచ్చే గరగరకు కారణం డిస్కులో ఎంత వెతికినా దొరకదు, ఆ గిన్నెలో చూడాలి.

శబ్దాన్ని వేరుచేసే పద్ధతి మాత్రం రెండింటికీ సమానం. కాలు పెడితే మొదలయ్యే కీచు ఒక రకం. కాలు పెడితే ఆగిపోయే కీచు మరో రకం. మొదటిది ప్యాడు–డిస్కుల వణుకు. రెండోది తాకకూడని చోట ఏదో తాకుతోందన్న మాట: అరుగుదల నాలుక, బిగుసుకున్న ప్యాడు, లేదా డిస్కు అంచున పేరుకున్న తుప్పు గట్టు. బ్రేకుతో నిమిత్తం లేకుండా వేగంతో పాటు పెరిగే హోరు, స్టీరింగు ఒకవైపు తిప్పితే ఎక్కువైతే, అది బేరింగు. గరగరమంటూ పెడల్‌లో తెలిస్తే ప్యాడు అయిపోయి ఇనుము ఇనుమును తింటోంది. ఆ ఒక్కదానికి కారు ఇంటిదాకా కూడా నడపకూడదు. అన్నిటికన్నా భయంకరంగా వినబడేది డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య ఇరుక్కున్న చిన్న కంకర రాయి. దాన్ని తియ్యడానికి స్క్రూడ్రైవర్ చాలు.

ఇక్కడ రెండు ఫిర్యాదులూ దగ్గరికొస్తాయి. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లూ, బ్రేకును నొక్కే ఆయిలూ రెండూ మరిగితే చెడతాయి, కాకపోతే ఒకటి వేడిని మొయ్యడం మానేస్తుంది, రెండోది ఒత్తిడిని మొయ్యడం మానేస్తుంది. మంచినీళ్లు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగినా, సగం గ్లైకాల్ కలిపి, మూత ఒక బార్ దాకా ఒత్తిడి నిలిపితే 125 డిగ్రీలు దాటినా మరగవు. ఆ మూత రబ్బరు పోతే అంతా పోయినట్టే, అందుకే వందల్లో దొరికే మూతను వేలల్లో దొరికే రేడియేటర్ కంటే ముందు మార్చాలి. డాట్ 4 బ్రేక్ ఆయిలు కొత్తలో 230 డిగ్రీల దాకా తట్టుకోవాలని ప్రమాణం. గాలిలోని తేమ తాగాక అదే ఆయిలు 155కే మరగొచ్చు. ట్రాక్ మీద పెడల్ ఒక్కసారి నేలకు దిగిపోయిందంటే కారణం సాధారణంగా ఇదే. అలాగే రెండింటిలోనూ గాలి చేరితే తీయాల్సిందే. మియాటా కూలెంటులో గాలి తియ్యడం, ముక్కు ఎత్తులో నిలబెట్టి మూత తీసి ఇంజిన్ నడిపితే చాలావరకు అయిపోతుంది. బాక్స్‌టర్ పొడవాటి పైపుల్లో ఎక్కడో ఒక బుడగ నిలిచిపోతుంది. వ్యాక్యూమ్‌తో గాలంతా లాగేసి కూలెంటును లోపలికి పీల్పించే పనిముట్టు ఉన్న షెడ్డుకే వెళ్లడం మంచిది.

ఇంకొక బంధుత్వం ఉంది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఈ కార్లు వేగంగా తోలడంవల్ల చెడేదానికన్నా కదలకుండా నిలబెట్టడంవల్ల చెడేదే ఎక్కువ. వారానికోసారి, ఒక్కోచోట నెలకోసారి బయటికి తీసే బండ్లు ఇవి. నిలబడ్డ డిస్కు మీద ప్యాడు ఆకారంలోనే తుప్పు మచ్చ పడుతుంది. నిలబడ్డ కూలెంటులో తుప్పును ఆపే మందులు కాలంతో సత్తువ పోగొట్టుకుంటాయి. హ్యాండ్‌బ్రేకు వేసి నెలలు వదిలేసిన మియాటా వెనక క్యాలిపర్ బిగుసుకుంటుంది. అలాగే చెట్టుకింద నెలలు వదిలేసిన బాక్స్‌టర్ బంపర్ నోళ్లలో ఆకులు చేరతాయి. ‘తక్కువ తిరిగిన బండి’ అని ఎక్కువ ధర చెప్పే అమ్మకందారు ఓడోమీటర్ చూపిస్తాడు గాని, ఆయిళ్లు మార్చిన తేదీలు చూపించడు. రోజూ తిరిగే మియాటా ఒకటీ, కవరు కప్పిన బాక్స్‌టర్ ఒకటీ ఒకే ధరకు ఎదురైతే, పోర్షే మీద ఎంత మోజున్నా, నేను మొదటిదాని వైపే మొగ్గుతాను. కవరు కింద ఉన్నది మియాటా అయితే తీర్పు తిరగబడుతుంది.

రెండు ఫిర్యాదులూ ఒకే రోజు వచ్చినప్పుడు విమర్శకుడికైనా మెకానిక్‌కైనా ఒకే కారణం కింద రెండింటినీ కట్టెయ్యాలన్న ఉబలాటం పుడుతుంది. ఉబలాటం ఆపుకోవాలి. బిగుసుకున్న బ్రేకు ఇంజిన్ మీద బరువు పెంచే మాట నిజమే. కానీ ఇంజిన్‌ను మరిగించేంత బిగుసుకుంటే ముందుగా చక్రం దగ్గర పొగా కమురు వాసనా వస్తాయి. రెండూ వేరువేరు జబ్బులనుకుని మొదలుపెట్టడమే క్షేమం. అయితే పరీక్షలు మాత్రం ఒకే ఉదయం, ఒకే వరసలో సాగుతాయి. రాత్రంతా చల్లారిన కారు మూత తీసి కూలెంటు మట్టం, రంగు చూడాలి. వేడి మీద ఆ మూత జోలికి పోకూడదు. అప్పుడే స్టార్ట్ చేసి బుడగలు చూడాలి, ఏసీ వేసి ఫ్యాన్లు వినాలి. తరవాత ఊరి బయటిదాకా, గట్టిగా బ్రేకు వెయ్యకుండా, కాసేపు తోలి ఆపాలి. పై హోసు వేడెక్కిందా, కింది హోసు చల్లగానే ఉండిపోయిందా చూసుకుని, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు డిస్కుల వేడిమి రాసుకోవాలి. ముందు ఎడమను ముందు కుడితో, వెనక ఎడమను వెనక కుడితో పోల్చాలి. ఎడమదీ కుడిదీ దగ్గరదగ్గరగా ఉంటే పట్టుకుని లాగే బ్రేకు లేదు, అరుపుకు షిమ్ములూ గ్రీజూ చూసుకోవచ్చు. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే జాకీ ఎత్తి మొదట విప్పవలసిన చక్రం అదే.